సీనియర్ మీట

గల్లా మెషీన్ మీద ఎడమ వైపు, పై నుంచి మూడోది.
అక్షరాలు అరిగిపోతే పసుపు టేపు అంటించి
పెన్నుతో రాసింది నేనే: సీనియర్.
ఒక్కసారి నొక్కితే బిల్లులో పదో వంతు రాలిపోతుంది.
అడిగి నొక్కాలా, మొహం చూసి నొక్కాలా
ముప్ఫై ఒక్క ఏళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

అడిగితే కొందరికి కోపం,
అడక్కపోతే కొందరికి.
నిన్న ఎర్ర లిప్‌స్టిక్కు ఆవిడ రశీదు చూసుకుని
"ఎవరమ్మా ఇక్కడ సీనియర్?" అంటూ వెనక్కి తిరిగింది.
వెనక కోట్లు తగిలించే కొయ్య తప్ప ఎవరూ లేరు.
తగ్గించిన డబ్బులు పైసాతో సహా
బల్ల మీద చిల్లరగా పేర్చి వెళ్లిపోయింది.

దులూత్‌లో ఆరింటికే తలుపు తీస్తాను.
కిటికీ నిండా సరస్సు, మంచు పెళ్లలు ఒరుసుకుంటూ.
దాని పేరు సుపీరియర్.
దాన్నెవరూ వయసు అడగరు.

మూల బల్ల ఇనప ఖనిజం ఓడలు దిగిన వాళ్లది.
ఎమిల్ కంటే వైనో పదకొండేళ్లు చిన్న.
అయినా ఓడ మీద వైనోయే సీనియర్.
చేరింది ఒకే పొద్దున, ఒకే కాగితం మీద,
వైనో సంతకం పై వరసలో పడింది.
బూటు తాడు తెగితే ముడేసుకోడానికి
గట్టు మీద ఆగాడట ఎమిల్.
ఆ ముడి ఖరీదు ఇరవై రెండేళ్ల రాత్రి కాపలా.
ఇప్పటికీ కాఫీ ముందు తనకి పోయబోతే
కప్పు మీద అరచెయ్యి మూతపెట్టి
గడ్డంతో వైనో వైపు చూపిస్తాడు.

సాయంత్రం సిగ్నె వస్తుంది గిన్నెలు కడగడానికి.
పదిహేడేళ్లు. చొక్కా వీపు మీద
జానెడు అక్షరాల్లో అదే మాట.
బడిలో ఆఖరి ఏడాది, చిన్న క్లాసుల వాళ్లు దారిస్తారట.
"మరి వచ్చే ఏడు?" అన్నాను.
"కాలేజీలో మళ్లీ అందరికంటే కింద."
నిచ్చెన చివర పాము నోరు.
నురగ చేతులతో నవ్వింది, దానికేం బెంగ లేదు.

నాకూ ఉందొకటి.
జీతం పెంచమని అడిగితే మేనేజరు బ్యాడ్జీ ఇచ్చాడు,
సీనియర్ సర్వర్ అని.
నేనిక్కడ చేరేనాటికి ఆ అబ్బాయి పుట్టలేదు.
పిన్ను మొండిది. రెండు చొక్కాలు చిరిగాయి,
అవి కొన్నది నా డబ్బుతోనే.

ఇక హౌగెన్ల సంగతి.
తండ్రి పేరు రుడాల్ఫ్, కొడుకు పేరూ రుడాల్ఫ్.
ప్రతి మంగళవారం, ఎదురెదురుగా, ఒకే కూర్చీల్లో.
ఖాతా పుస్తకంలో రెండు వరసలు:
రుడాల్ఫ్ సీనియర్, రుడాల్ఫ్ జూనియర్.
జూనియర్‌కి అరవై ఎనిమిది. మోకాళ్లు పోయాయి,
ముందు పళ్లు కట్టుడువి.
అతని బిల్లుకీ సీనియర్ మీటే నొక్కుతాను,
పేరు పక్కన మాత్రం జూనియర్ అని రాస్తాను.
"ఒరే, ఉప్పు తగ్గించు" అనేవాడు పెద్దాయన,
"సరే నాన్నా" అని సీసా దూరంగా జరిపేవాడు ముసలి పిల్లాడు.

మార్చిలో పెద్దాయన పోయాడు.
తర్వాతి మంగళవారం ఒక్కడే వచ్చి
తండ్రి కూర్చీని కాసేపు చూసి,
తన దాంట్లోనే కూర్చున్నాడు.
పుస్తకం తెరిచాను. పెన్ను ఆగింది.
"ఏమని రాయను?"

కిటికీలోంచి ఓడ ఒకటి కూత పెట్టింది, ఆ ఏడు మొదటిది.
అది అయ్యేదాకా ఆగి అన్నాడు:
"ఉత్త రుడాల్ఫ్ అని రాయి.
జూనియర్ని పిలిచే మనిషి లేడుగా."

రై రొట్టె, ఉడికిన గుడ్డు, ఉప్పు లేకుండా.
బిల్లు కొట్టేటప్పుడు నా వేలు
పసుపు టేపు దాకా వెళ్లింది.
అక్కడే ఉండిపోయింది.
తర్వాత మొత్తం అనే మీట నొక్కాను.

పూర్తి ధర ఇచ్చాడు, ఏమీ అనకుండా.
రశీదు నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దోపుకున్నాడు.
అది వాళ్ల నాన్న కోటు.
చేతులు అతనికి పొట్టి.