పదకొండు ముడులు

కురిచేడు కళ్లంలో కాటా గుమాస్తాని నేను.
పొట్లాలకని కిలోల్లెక్కన తెచ్చిన పాతకాగితాల్లో
అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది.
కాయ ఎండి ఘాటు లేచే మధ్యాహ్నం పూట
తొడిమలు తీసే ఆడవాళ్లకి
నాకొచ్చినంత తెలుగు చేసి చెబుతుంటాను.

న్యూ మెక్సికో అని ఒక రాష్ట్రం.
అక్కడా మట్టిగోడలే.
ఎండుమిరపకాయలు జడల్లే అల్లి
చూరుకి వేలాడగడతారు.
"పురుగు పట్టదా?" అంది దీనమ్మ.
పుస్తకంలో అది రాయలేదు.

కంచం ముందు కూర్చోగానే అడుగుతారట,
ఎర్రదా, పచ్చిదా అని.
సర్కారు ఒప్పుకున్న ప్రశ్న అది, చట్టంలో ఉంది.
రెండూ కావాలంటే 'క్రిస్మస్' అనాలి.
దీనమ్మకి పొలమారింది.
"మా పండగని పచ్చట్లో కలిపేశారా!"
నవ్వి నవ్వి, కారం చేత్తోనే కన్ను తుడుచుకుని
ఇక నిజంగా ఏడ్చింది.

మిరప అసలు ఆ వైపుదే, ఓడెక్కి వచ్చింది,
మనవాళ్లు కొత్తకోడలికి ఇంటిపేరు మార్చినట్టు
మిరియం పేరు తగిలించారు అంటే
మస్తాన్‌బీ ఒప్పుకోలేదు.
"కొరివికారం లేని కాలముందా అబ్బయ్యా?
కాగితానికేం, ఏం రాసినా మోస్తది."

వాళ్ల పొలం కాలవ పేరు అసేకియా.
అరబ్బీ మాట, స్పెయిను మీదుగా పోయింది.
మస్తాన్‌బీ చెయ్యి ఆగింది.
"మా తాత సఖ్ఖా. తోలుతిత్తిలో నీళ్లు మోసేవాడు.
అదీ ఇదీ ఒకటేనా?"
ఒకటే అన్నాను, సగం తెలిసి.
సాగర్ కాలవ చివరాఖరి ఊళ్లు మావి,
నీళ్లు రావు.
మాట మాత్రం అంతదూరం పారింది.

ఆ నేల అంతకుముందు ప్యూబ్లోవాళ్లది.
గుర్రాలమీదొచ్చిన స్పెయిను దొరలు
వాళ్ల వేలుపుల్ని తగలబెట్టి
మొక్కజొన్న కొలిపించుకున్నారు.
ఒక ఏడు ఊరూరికీ తాడు పంపారు, ముడులేసి.
రోజుకో ముడి విప్పాలి.
ఆఖరిది విప్పిన పొద్దు అందరూ లేవాలి.
రాత లేదు. ఊరికో భాష.
తాడొక్కటే అందరికీ అర్థమైంది.

ఎవరూ మాట్లాడలేదు.
తొడిమ విరిగే చప్పుడు కూడా లేదు.

మస్తాన్‌బీ కొంగు చివర లాగి
నా పద్దు మీద పెట్టింది.
నిండిన బుట్టకొక ముడి.
ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను,
చిల్లర కట్టుకుందనుకున్నాను.
"లెక్కెయ్," అంది.

పదకొండు.

నా పద్దులో తొమ్మిది.
రెండు తరుగు, అంటాడు మేస్త్రీ రోజూ.
రాస్తాను నేను, రోజూ.

దిద్దాను.
చెయ్యి వణికిందంటే కారం మంటే అనుకోండి.

దీనమ్మ కొంగు లాగింది. ఆ పక్కన పోలేరమ్మ.
కాలవగట్టు మీద దుమ్ము లేస్తోంది,
మేస్త్రీ బండి.
ఇంకా పద్నాలుగు కొంగులున్నాయి.