కొక్కెం మచ్చ

పూజారికి కల్లోకొచ్చి సెప్పినాదట అమ్మ:
తూరుపు దిక్కున, కల్లం గట్టున, బావికి నాలుగడుగుల్లో అని.
మా కల్లంలోకి కార్లొచ్చినాయి, డప్పులొచ్చినాయి,
పసుపు నీల్ల బిందెలొచ్చినాయి.
నాను పేడెత్తుతున్నాను.
సేతులు కడుక్కునే టైమైనా నేదు.
"ఈ సింతసెట్టు నీదేనా అమ్మా?" అన్నారు.
నాదేనన్నాను.
ఆ మాట నోట్లో ఉండగానే
అది నాది కాకుండా పోనాది.

మా తవిటయ్య దాని మొదట్లో ఇనుప కొక్కెం దిగ్గొట్టినాడు,
కాటా ఏలాడదీయడానికి.
పదారేల్లు ఆ కొక్కేనికే పండు తూచినాం
సాలూరు సావుకారికి.
ఓపాలి కాటా కింద సిన్న రాయి కట్టి తూచినాడు,
ఆ మరసటేడు పూత రానేదు.
రాయి సంగతి సెట్టుకీ నాకే తెలుసు.
మనిషి పోనాక కొక్కెం తుప్పట్టినాది,
బెరడు దాన్ని మెల్లగా మింగీసినాది.

కొట్టే ముందర సెట్టుకి కోక కట్టినారు,
పసుపు, బొట్టు, డజన్ల కొద్దీ గాజులు.
నా పెల్లికి అన్ని గాజులు నేవు.
మొదటి దెబ్బకి కాకులన్నీ నెగిసి
ఊరంతా తిరిగి తిరిగి
మా పెంకుల మీదే వాలినాయి.

డబ్బులిస్తామన్నారు.
అమ్మకిచ్చినదానికి రేటేటన్నాను.
రాత్రి పడుకుని మాత్రం లెక్కేసుకున్నాను,
పండెంత, పిక్కెంత, వంటసెరుకెంత.
అమ్మకి తెలీదేటి నా లెక్కలు.

మంగలారం మద్దేనం, మూడు లాంతర్ల కాడ
జనంలో నాను. ఎవులూ నన్నెరగరు.
సిరిమాను కొసన పూజారి ఊగుతా వస్తన్నాడు,
అందరి సూపూ ఆకాసంలో,
అరిటిపల్లు ఎగురుతున్నాయి.
నాను కిందకే సూస్తన్నాను, మొదలు కాడ.
వడ్రంగులు నున్నగా సెక్కీసినారు,
పెల్లిపీటల మీద సొంత గుంటని
ఆనమాలు పట్టనేకపోయినట్టు
ఎంత ఎతికినా నా మాను నాకు దొరకనేదు.

కోట ముందర తిరిగినప్పుడు
ఎండ సర్రున పడి, అప్పుడు కనపడినాది:
రూపాయి బిళ్లంత నల్ల మచ్చ.
ఎంత సెక్కినా పోని ఇనుప మచ్చ.

"అమ్మని సూసినావా?" అన్నాది పక్కావిడ,
కల్లు తుడుసుకుంటా.
సూసినానమ్మా అన్నాను.

సేతిలో అరిటిపండు విసిరినాను.
పూజారి దాకా ఎల్లనేదు,
ఎల్లాలని విసరనూ నేదు.
మొదట్లో తగిలి సితికినాది.
ఎనకొచ్చే బండోడు
నన్ను తిట్టుకుంటా తుడిసీసినాడు.