మునుగుతాదా, తేలుతాదా

ఆదోనిలో మా అంగన్‌వాడీ
జిన్నింగు మిల్లు గోడకానుకొని ఒకటే గది.
కిటికీ తెరిస్తే దూది పింజలు లోపలికొచ్చి
హాజరు పట్టీ మీద కూర్చుంటాయి.
పిలవకుండా బడికొచ్చేది అవొక్కటే.

ఉరుకుందును వాళ్ల జేజి చంకనేసుకొని తెస్తుంది.
పేరులోనే ఉరుకు ఉంది,
కాళ్లకు ఆ సంగతి నిదానంగా తెలిసింది.
నాలుగో ఏట గోడ పట్టుకొని నిలబడినాడు.
నాలుకకింకా తెలీలేదు.

అమ్మా నాయనా సుగ్గికి పోయినారు,
గుంటూరు దిక్కు, మిరపకాయలు కోయను.
కర్నూలు పెద్దాసుపత్రి చీటీ చేతిలో పెట్టి
"ఏం రాసినారమ్మా?" అనడిగింది జేజి.
"ఆలస్యం" అని చదివినాను.
ఆమెకది రైలు మాట.
"లేటయినా వస్తాది కదా?"
నేను అవుననలేదు. కాదనీ అనలేదు.
చీటీ మడిచి ఆమె వక్కాకు సంచిలో పెట్టినాను.

సైన్సు చేయించమని పైనుంచి కాగితమొచ్చింది.
కాగితంతో పాటు సామానేమీ రాలేదు.
ఆయా మారెక్క ఇంటినుంచి బట్టలు నానబెట్టే తొట్టి తెచ్చింది.
నేను ఒక గుప్పెడు చెనక్కాయలు,
సైకిల్ షాపు ఖాజామియా ఇచ్చిన ఇనుప నట్టు,
సోడా మూత, కిటికీలో పట్టుకున్న దూది.

"మునుగుతాదా, తేలుతాదా?"
పిల్లలు ముందు అరిచి తర్వాత చూస్తారు.
చెనక్కాయ తేలింది.
ఒలిచి వేస్తే గింజ మునిగింది.
"ఇల్లుంటే మునగదు టీచర్" అన్నాడు గిడ్డయ్య.
నాకంత బాగా చెప్పను రాదు.

ఉరుకుందు మొదటిరోజు తొట్టినే చూడలేదు.
నీళ్లు కదిలినప్పుడల్లా పైకప్పు మీద
వణికే వెలుగును చూస్తా కూర్చున్నాడు.
రెండోరోజు గిడ్డయ్య భుజం కొరికినాడు.
మూడోరోజు తొట్టి బోర్లించినాడు.
పిండి పొట్లాలు తడిసి మారెక్క
నన్నూ సైన్సునూ కలిపి తిట్టింది.

తర్వాత వాడికి దూది దొరికింది.
వేలితో అదుముతాడు. లేస్తుంది.
అదుముతాడు. లేస్తుంది.
పదిహేడు దాకా లెక్కపెట్టి వదిలేసినాను,
పొయ్యి మీద పప్పు మాడుతుందని.
గింజ తీసిన పచ్చి దూదికి నీళ్లంటే గిట్టదు.
వారం రోజులు వాడూ దూదీ
ఒకరికొకరు లొంగలేదు.

ఆ తర్వాతొక పొద్దు, మణికట్టు దాకా ముంచి
నీళ్ల లోపలే పిడికిలి బిగించినాడు.
వేళ్ల సందుల్లోంచి బుడగలు,
ఆవగింజలంతవి, ఒకదాని వెనక ఒకటి.
పిడికిలి తెరిచినాడు.
దూది లేవలేదు.
వాడు ఊపిరి బిగబట్టినాడు. నేనూ.
లేవలేదు.

నవ్వలేదు వాడు. చప్పట్లూ కొట్టలేదు.
ఇంకో పొడి పింజ తెచ్చి నా అరచేతిలో పెట్టి
నా చెయ్యి పట్టుకొని తొట్టిలో ముంచి
నా వేళ్లను ఒక్కొక్కటే మడిచినాడు,
బొటనవేలు చివరికి.
తొందరపడి తెరవబోతే
మళ్లీ మూసినాడు.
ఇంకా బుడగలున్నాయి.

పదిహేనేండ్లుగా ఇక్కడ టీచరమ్మను.
నా చెయ్యి పట్టి దిద్దించింది అంతకు ముందు
మా నాయనొక్కడే, ఇసుకలో.

సాయంత్రం రిజిస్టరు తీసినాను.
'పలికిన పదాలు' గడిలో ఎప్పటి అడ్డగీతే గీసినాను.
దాని పక్కన గడి లేదు.
అంచులో పెన్సిలుతో రాసినాను:
గాలి పోతే మునుగుతుందని టీచరుకు చూపించినాడు.
సూపర్వైజరమ్మ చూస్తే చెరిపేయమంటుందేమో.

జేజి వచ్చింది. వాడి చొక్కా చేతులు పిండుతా
"ఈ పొద్దేమన్నా మాట్లాడినాడామ్మా?" అంది.
రోజూ అడిగే మాటే.
"ఏం మాట్లాడలేదవ్వా" అన్నాను,
"నీ చెయ్యి ఇట్లియ్యి."