మైనస్ ఐదు

గుడ్డసంచీలోంచి తీసి బల్లమీద పెట్టాడు కృత్తివాస బెహరా
రబ్బరు మీటల నల్లపెట్టె.
"టీవీకి తగిలిస్తే నల్లగళ్లూ తెల్లగళ్లూ పడతన్నాయి,
లుంగీ ఆరేసినట్టు" అన్నాడు.
పర్లాకిమిడిలో నా దుకాణానికి
మిక్సీలొస్తాయి, పంపు స్టార్టర్లొస్తాయి.
ఇంత ముసలి కంప్యూటరు ఎన్నడూ రాలేదు.

మూత విప్పితే బొద్దింక గుడ్లు,
ఎనభయ్యేడు నాటి దుమ్ము,
పంక్తికి కూర్చున్న ఎనిమిది మెమరీ చిప్పులు.
కరెంటిచ్చి ఒక్కోదాని వీపుమీద వేలు పెట్టాను.
చల్లన. చల్లన. చల్లన. చల్లన.
ఐదోది చుర్రుమంది.
మనుషుల్లో చల్లబడ్డవాడు పోయినట్టు;
వీటిలో ఒళ్లు కాలేదే పోయినది.

దాన్ని మారిస్తే చాలదు, చంపిందెవరో తెలియాలి.
మీటరు పెట్టాను.
ఐదుంది, పన్నెండుంది,
మైనస్ ఐదు లేదు.
సున్నాకి కిందుండే ఆ ఐదు వోల్టులు
ఉన్నన్నాళ్లూ ఎవరికీ పట్టవు.
తప్పుకున్న రోజున
పన్నెండు వచ్చి మీద పడుతుంది.

గోరంత ట్రాన్సిస్టరు, వెంట్రుకలాంటి తీగచుట్ట.
విప్పి మళ్లీ చుట్టాను. లెక్క తప్పింది.
మళ్లీ చుట్టాను. కరెంటు పోయింది.
చిప్పు బరంపురం నుంచి వచ్చింది, ఏదో వీడియోగేము శవంలోంచి.
ఊడిపోయిన ఒక మీటకి
కొమ్ముబొమ్మల మహారణా గేదెకొమ్ము అరగదీసిచ్చాడు.
డబ్బులెంతంటే
"మీటే కదా, కొంగ కాదుగా" అన్నాడు.

తొమ్మిదోనాటికి తెర తెల్లబడింది.
బెహరా జేబులోంచి క్యాసెట్టు తీశాడు.
గాలికి రేకు కొట్టుకున్నట్టు
ఐదు నిమిషాలు అరిచిందది. టీ చల్లారిపోయింది.
అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో మా ఊళ్లు:
నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి,
కాశీనగరం, గుణుపురం.
ఏ స్టేషనంది. కొమ్ముమీట నొక్కాడు.
టైమెంతంది. నాలుగూ పది.
చిన్నబండి ఇంకో పద్నాలుగు నిమిషాల్లో, అంది.

"ఠిక్ హెలా?" అన్నాను.
బుకింగ్ గుమాస్తాగా తనే రాసుకున్న లెక్కట,
రాత్రి డ్యూటీల్లో.
ఆ సన్నపట్టాలు పీకేసి ఎన్నేళ్లయిందో.
లెక్క మళ్లీ చూశాను, సరిగ్గానే ఉంది.
తప్పు నా బల్లమీద లేదు.

మజూరీ నూటయాభై తీసుకున్నాను.
సంచీ మూతి ముడేస్తూ
గోడగడియారం వంక చూశాడాయన.
నాలుగూ ఇరవైనాలుగు దాటేదాకా
ఇద్దరం ఏ పనీ మొదలెట్టలేదు.