ఒక్క డబ్బా

కొండమల్లేపల్లిల
డాబా మీద ఒక్కటే గొడుగు.
అవ్వ పోరుకు గోడ పొడిచి
వైరు తమ్ముని అర్రకు గుంజిన.
"రెండో డబ్బా పెడితే
నెలనెలా ఇంకిన్ని పైసలు" అని చెప్పిన.
"వద్దు, దీన్నే చీల్చు" అన్నడు జానయ్య.

చీల్చిన.
రిమోటు పెద్దోని కాడ.
ఆయన ఏది పెడితే
చిన్నోనికీ అదే బొమ్మ.

గెట్టు పంచాయితితోని
మాటలు బందై మూడేండ్లు.
రాత్రి ఎనిమిదింటికి మాత్రం
గోడకు అటూ ఇటూ
ఒక్కపారే నవ్వుతరు.

మొన్న మబ్బు పట్టి బొమ్మ పోయింది.
ఇద్దరూ నాకే ఫోను.
నేను పొయ్యేసరికి
ముత్యాలు డాబా మీద గొడుగు తిప్పుతుండు.
"వచ్చిందా, అడుగు" అన్నడు నాతోని,
గడపల నిలబడ్డ అన్నకు ఇనబడేటట్టు.

జానయ్య టీవీ దిక్కే చూసుకుంట:
"జెర ఎడమకు తిప్పుమను."