రెండు గంటలు

మోటారు లోపల ఏముంటుందో నన్నడగొద్దు.
ముప్పై ఒక్క ఏళ్లు చియాతురా లోయ మీద
నీలం రంగు ఇనప పెట్టెలో ఇటూ అటూ తిరిగాను,
దాన్ని లాగే చక్రం మొహం కూడా ఎరగను.
కింద గదిలో ముర్మాన్ ఉండేవాడు, మోచేతుల దాకా గ్రీజుతో.
నా పని తలుపు గడియ వేయడం,
రెండు గంటలు కొట్టడం,
అవతలి కొండ మీంచి రెండు గంటలు వినిపించేదాకా ఆగడం.
అంతే. తాడు కదిలేది.
గని పనివాళ్లు, బంగాళాదుంపల బస్తాలు,
ఒకసారి ఒక పియానో, కాళ్లు ఊడదీసి.

తాడు ఆపేశాక డ్యూటీ పుస్తకం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను.
అడిగి కాదు.

బద్రికి ఇరవై రెండేళ్లు. బజార్లో ఫోన్ల రిపేరు కొట్టు.
పగిలిన అద్దం మార్పించుకోడానికి వెళ్లి
మాటల్లో ఆ పుస్తకం సంగతి చెప్పాను:
టైము, గాలి, మనుషులెందరు,
చివర్న "విశేషాలు" అని సన్నటి గడి ఒకటి.
అది ఎవరూ నింపరు. నేను నింపేదాన్ని,
గీత దాటి, పక్క గడిలోకి, అట్ట లోపలి వైపు కూడా.
"ఇవి అందరూ చదివేలా పెట్టొచ్చత్తా" అన్నాడు.
"నాకు కోడింగు రాదురా" అన్నాను, టీవీలో విన్న మాట.
"నాకూ రాదు" అన్నాడు, పళ్ల మధ్య స్క్రూ పట్టుకుని.

వాడు చూపించినవన్నీ కట్టి ఉంచిన గదులే,
సున్నం కూడా వేసేసి ఉంది.
ఒకదాంట్లో ఎవరిదో కాఫీ కప్పు,
ఒకదాంట్లో సముద్రం, దాని ముందు నవ్వుతూ ఒక పిల్ల.
"ఈ పిల్లెవరు?"
"ఎవరూ కాదు. తీసేసి నీ ఫోటో పెట్టుకోవాలి."
తీసేశాను. పాపం అనిపించింది.
ఆ చోట మా నీలం పెట్టె ఫోటో పెడితే తలకిందులుగా పడింది.
మూడు సాయంత్రాలు అలాగే వేలాడింది.

అడిగింది, అడిగింది.
థీమ్ ఏది? నీలం.
డొమైన్ కావాలా? అంటే ఏమిటి బద్రీ? డబ్బులు. వద్దు.
మీ గురించి రెండు ముక్కలు?
ఇక్కడ ఆగిపోయాను.
పొయ్యి మీద చిక్కుడు గింజలు అడుగంటాయి.
"గడియ వేసేదాన్ని" అని రాశాను.

తర్వాత ఒక్క వేలితో, ఒక్కో అక్షరం.
మా అక్షరాలు గుండ్రటివి, నానబెట్టిన గింజల్లా
వేలి కింద జారిపోతాయి.

"ఫిబ్రవరి పది. పొద్దున ఏడూ పది. పడమటి గాలి.
ఆరుగురు మనుషులు, ఒక కోడిపుంజు.
లోయ నడిమధ్యలో కరెంటు పోయింది.
కింద ఏరు మాంగనీసు మట్టితో నల్లగా.
మొదటి గంట అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు.
రెండో గంట ఎవరో మొక్కజొన్న రొట్టె తుంచి పంచారు.
పుంజు ఒక్కటే నోరు మెదపలేదు."

అడుగున ఒక మీట, "ప్రచురించు" అని.
అలవాటు పోదు కదా,
చెంచాతో టీ గ్లాసు మీద రెండుసార్లు కొట్టి
నొక్కాను.
రెండు గంటలు కూర్చున్నాను.
అవతలి కొండ మీంచి ఒక్క గంటా లేదు.
గోడ అవతల పక్కింటివాళ్లు కుర్చీ జరిపారు.

తొమ్మిదో రోజు, రొట్టెల బట్టీ దగ్గర వరసలో
నా ముందున్నామె వెనక్కి తిరిగింది.
బూడిద రంగు శాలువా. ఎక్కడో చూసిన ముక్కు.
"అది పుంజు కాదు" అంది.
"పెట్ట. పట్టుకున్నది నేనే.
మా చెల్లెలికి పురుడొచ్చిందని తీసుకెళ్తున్నాను.
కోటు లోపల నిద్రపోయింది, అందుకే అరవలేదు."
వేడి రొట్టె చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.
పేరడగడం తోచలేదు నాకు.

పంపేసిన దాన్ని దిద్దడం ఎలాగో
బద్రి నేర్పలేదు. వాడి కొట్టు మూసి ఉంది.
ఇంటికొచ్చి, కోటు విప్పకుండానే కూర్చుని
కొత్త పుట తెరిచాను.
మొదటి మాట: "పెట్ట."