మూడో గదిలో

చియాతురా నుంచి బస్సులో నాలుగు గంటలు.
తిబిలిసి మ్యూజియం మెట్ల మీదే
ఇద్దరికి వాంతులయ్యాయి.

కాగితాలు పంచాను:
నచ్చిన బొమ్మ ముందు నిలబడి
ఏమనిపించిందో రాయండి.

యువరాణి పటం చూసి మ్జియా రాసింది:
"చెప్పులు కరుస్తున్నట్టున్నాయి. అందుకే నవ్వలేదు."
ద్రాక్షగుత్తుల ముందు లెవానీకి
ఆకలేసింది, అంతే.
మార్కులు వేశాను. అబద్ధం కాదు కదా.

మూడో గదిలో
గోడంత నల్లటి కాన్వాసు.
మనిషి లేడు, చెట్టు లేదు,
కింద పేరైనా లేదు.
తోసుకుంటూ దాటిపోయారు పిల్లలు.
త్సోత్నె మాత్రం కదల్లేదు.

ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్తే
కుర్చీలోని కాపలా ముసలావిడ
గొంతు సవరించింది.
ఒకడుగు వెనక్కి వేసి
వాడు ఆమెతోనే అన్నాడు:
"ఇది ఉత్త నలుపు కాదు.
అడుగున గోధుమరంగు ఉంది, చూడండి.
గని నుంచి వచ్చి నాన్న చేతులు కడిగితే
సింకులో ముందు నలుపు పోతుంది.
ఇది పోదు."

ఆవిడ లేచొచ్చి, కళ్ళజోడు తుడిచి,
వంగి,
"పదకొండేళ్ళుగా
చెమ్మ పట్టిందనుకుంటున్నాను" అంది.

తిరుగు బస్సులో కాగితాలు తిరగేశాను.
త్సోత్నె కాగితం మీద
పేరు, తేదీ.
తేదీ కూడా తప్పే.